పార్క్‌లో ఇరుక్కున్న కరోలా: బ్రేక్ స్విచ్ పని డైరీ

బండి: అమెరికాలో 2003–2008 మోడళ్లుగా అమ్ముడైన టయోటా కరోలా. 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, 4 గేర్ల ఆటోమేటిక్, క్రూజ్ కంట్రోల్ (పెట్టిన వేగాన్ని తనంత తానే నిలబెట్టేది) ఉన్న రకం, తాళంచెవితో స్టార్ట్ అయ్యేది. అక్కడికి చదువుకోడానికి వెళ్లిన మనవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునే మొదటి కారు చాలాసార్లు ఇదే కాబట్టి ఈ పని వివరంగా రాసిపెడుతున్నాం.

ఫిర్యాదు: ఇంజను మామూలుగా స్టార్ట్ అవుతోంది. బ్రేక్ తొక్కి పట్టుకుని బటన్ నొక్కినా గేర్ లివర్ పీ (పార్క్) నుంచి కదలడం లేదు.

శనివారం పొద్దున: ముందుగా కారు వెనక వైపు చూడాలి

లివర్ కదలకపోతే అందరి చెయ్యీ లివర్ మీదికే పోతుంది. గట్టిగా లాగడం, అటూ ఇటూ ఊపడం, బొటనవేలు నొప్పెట్టేదాకా బటన్ నొక్కడం. దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా లివర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ భాగం ఏదైనా విరిగిందంటే గంటలో తేలిపోయే పని కాస్తా రెండు సీట్ల మధ్య కన్సోల్ మొత్తం విప్పే పని అవుతుంది. చూడాల్సింది బ్రేక్ లైట్లు. ఒకరు పెడల్ తొక్కితే ఇంకొకరు వెనక నిలబడి చూడాలి. తోడు లేకపోతే వెనక్కి ఫోన్ ఆనించి వీడియో పెట్టుకున్నా సరిపోతుంది.

ఈ కారులో రెండు పక్కల లైట్లూ, వెనక అద్దం దగ్గరున్న మధ్య లైటూ మూడూ వెలగలేదు. పెడల్‌ని బలంగా అదిమి పట్టుకుంటే మాత్రం ఒక్కోసారి మసకగా ఎర్రబడి ఆరిపోతున్నాయి. ఈ మసక వెలుగుతోనే సగం విషయం తేలిపోయింది. మూడు బల్బులు ఒకేసారి మాడవు కాబట్టి తప్పు ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉంది: ఫ్యూజు, స్విచ్, వాటి మధ్య వైరు. ఫ్యూజు పోయుంటే అసలు వెలుగే ఉండదు, మసకగా రావడం ఉండదు. అంటే అనుమానం స్విచ్ మీదికి వచ్చేసింది. అయినా ఫ్యూజు చూడకుండా ముందుకు పోకూడదు, ఆ పరీక్ష కింద రాశాం.

లైట్లకూ లివర్‌కూ సంబంధం ఏమిటంటే, రెండూ ఒకే వైరు మీద బతుకుతాయి. బ్యాటరీ నుంచి 12 వోల్టులు స్టాప్ ఫ్యూజు గుండా బ్రేక్ పెడల్ పైన ఉన్న స్విచ్‌కి ఎప్పుడూ వస్తుంటాయి, ఇంజను ఆఫ్‌లో ఉన్నా సరే. పెడల్ మామూలుగా పైన ఉన్నప్పుడు అది స్విచ్ ప్లంజర్‌ని (స్ప్రింగుతో లోపలికీ బయటికీ కదిలే చిన్న పుల్ల) లోపలికి నొక్కి ఉంచుతుంది, కాంటాక్టులు విడిగా ఉంటాయి. పెడల్ కిందికి వెళ్లగానే ప్లంజర్ బయటికి వచ్చి కాంటాక్టులు కలుస్తాయి. అక్కడి నుంచి కరెంటు బ్రేక్ లైట్లకు పోతుంది. అదే వైరులోంచి ఒక పాయ ఇంజను కంప్యూటర్‌కి, ఒకటి బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌కి, ఒకటి లివర్ అడుగున ఉన్న షిఫ్ట్ లాక్ యూనిట్‌కి. తాళంచెవి ఆన్‌లో ఉండి, ఈ వైరులో వోల్టేజి కనిపిస్తేనే ఆ యూనిట్ ఒక చిన్న సాలినాయిడ్‌ని (కరెంటు ఇస్తే అయస్కాంతంలా లాగే తీగ చుట్ట) పనిచేయించి లివర్‌కి అడ్డంగా ఉన్న గొళ్లెం తీస్తుంది. స్విచ్ నుంచి వోల్టేజి రాకపోతే, మీరు బ్రేక్ మీద నిలబడ్డా సరే, కారు దృష్టిలో మీరు బ్రేక్ తొక్కనట్టే.

ఈ తాళం ఊరికే పెట్టింది కాదు. 1986లో అమెరికాలో ఆడీ 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని పెద్ద గొడవ అయింది. 1987లో ఆడీ ఆ కార్లను వెనక్కి పిలిచి షిఫ్ట్ లాక్ బిగించింది. ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం వల్ల జరిగినవేనని 1989లో అక్కడి రవాణా భద్రతా సంస్థ తేల్చింది. తర్వాత మిగతా కంపెనీలూ పెట్టడం మొదలుపెట్టాయి. చివరికి 2010 సెప్టెంబర్ 1 నుంచి తయారై అమెరికాలో అమ్ముడయ్యే ఆటోమేటిక్ కార్లకు అది తప్పనిసరి అయింది. అందుకని స్విచ్ పోయింది కదా అని ఈ గొళ్లేన్ని శాశ్వతంగా పీకేసే చిట్కాలు వీడియోల్లో చూపిస్తుంటే నమ్మకండి. పీకేశాక లివర్ కదులుతుంది, వెనకవాడికి మీరు బ్రేక్ వేసినట్టు మాత్రం తెలియదు.

శనివారం, కాసేపటికి: ఇరుకు చోటు నుంచి బయటికి

కారు డాష్‌బోర్డు కింద తల పెట్టడానికి డ్రైవర్ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, కానీ పక్కన కారు ఉంది. ముందు దీన్ని జరపాలి. అందుకే టయోటా వాళ్లు లివర్ పక్కన షిఫ్ట్ లాక్ అని రాసిన చిన్న మూత పెట్టారు.

హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగాలి. వాలు ఉంటే చక్రాలకు ఇటుకలు అడ్డు పెట్టాలి. తాళంచెవి ఏసీసీలో (ఇంజను ఆగి ఉన్నా రేడియో పనిచేసే స్థానం) ఉంచాలి, స్టీరింగ్ తాళం పడకుండా. చిన్న చదును స్క్రూడ్రైవర్ కొసకు గుడ్డ చుట్టి మూత అంచు లేపాలి. గుడ్డ లేకపోతే ప్లాస్టిక్ మీద గీత ఖాయం. మూత కింద కనిపించే రంధ్రంలో స్క్రూడ్రైవర్ నిలువుగా దించి నొక్కి పట్టుకుని, బ్రేక్ తొక్కి, లివర్ బటన్ నొక్కి ఎన్ (న్యూట్రల్)కి లాగాలి. నొక్కు వదిలితే గొళ్లెం మళ్లీ పడుతుంది, కాబట్టి రెండు చేతులూ ఒకేసారి పని చేయాలి. లివర్ ఎన్‌లో ఉండగా ఇంజను స్టార్ట్ అవుతుంది, అక్కడి నుంచి డీకో (ముందుకు) ఆర్‌కో (వెనక్కి) వేసుకోవచ్చు.

ఇక్కడ లివర్ ఎన్‌లోకి వచ్చేసింది. అంటే లివర్, కేబులు, గేర్‌బాక్సు బాగానే ఉన్నాయి. ఈ ఉపాయం కారుని పక్కకి తీయడానికీ, తప్పదనుకుంటే దగ్గర్లోని షెడ్డుకి చేర్చడానికే. బ్రేక్ లైట్లు లేకుండా హైవే ఎక్కడం అంటే వెనకవాడి అదృష్టం మీద ఆధారపడటమే. ఆపి చలానా రాస్తే అది అదనం.

వాలులో ఆపిన కార్లలో ఇలాంటిదే ఇంకో బాధ ఉంటుంది, రెండూ కలిపేసుకోకూడదు. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా పీలో పెట్టేస్తే కారు బరువంతా గేర్‌బాక్సు తిరగకుండా పట్టే చిన్న కొక్కెం (పార్కింగ్ పాల్) మీద పడుతుంది. అప్పుడు బటన్ లోపలికి పోతుంది, లివర్ మాత్రం బిగుసుకుని ఉంటుంది, బలంగా లాగితే ధన్ మని చప్పుడుతో వస్తుంది. బ్రేక్ లైట్లు శుభ్రంగా వెలుగుతుంటే, బటన్ కూడా నొక్కుకుంటుంటే స్విచ్ జోలికి పోనక్కర్లేదు. కారుని కాస్త ఎగువకు నెట్టి పట్టుకుంటే లివర్ వస్తుంది.

శనివారం మధ్యాహ్నం: ఫ్యూజు

డ్రైవర్ ఎడమ మోకాలి దగ్గర, డాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టె. స్టాప్ అని రాసి ఉన్నది 15 ఆంపియర్లది, నీలం రంగు. పీకి చూస్తే తీగ తెగలేదు. కంటితో చూసి వదిలేయకుండా ఫ్యూజుని దాని చోట పెట్టి, పైన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీదా టెస్ట్ లైటు పెట్టి చూడాలి. రెండు వైపులా వెలిగితే ఫ్యూజు మంచిది. ఇక్కడ రెండు వైపులా వెలిగింది.

ఫ్యూజు పోయుంటే కథ వేరేగా ఉండేది. కొత్తది వేశాక, బ్రేక్ తొక్కగానే అదీ పోయిందంటే స్విచ్ దాటిన తర్వాత ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. మొదట చూడాల్సిన చోటు డిక్కీ మూత కీలు దగ్గర: వందలసార్లు మడతపడి ఇన్సులేషన్ చిట్లిపోతుంది. రెండోది ట్రైలర్ కోసం ఎవరో కోసి కలిపిన వైర్లు. మూడోది రెండు ఫిలమెంట్లు ఉండాల్సిన హోల్డర్‌లో ఒక ఫిలమెంటు బల్బు తోసేయడం. 15 పోతోంది కదా అని 25 వేస్తే ఫ్యూజు బదులు వైరు మాడుతుంది. పెడల్ తొక్కకుండానే కొత్త ఫ్యూజు పోతే తప్పు ఫ్యూజుకీ స్విచ్‌కీ మధ్యలో ఉన్నట్టు.

శనివారం సాయంత్రం: స్విచ్ దగ్గర, అసలు పరీక్ష

సీటు పూర్తిగా వెనక్కి జరిపి, నేల మీద వెల్లకిలా పడుకుని పెడల్ చేతి వెంట పైకి చూస్తే బ్రాకెట్‌కి బిగించిన స్విచ్ కనిపిస్తుంది: మరలున్న ఒంటికి ఒక లాక్ నట్, వెనక ప్లాస్టిక్ కనెక్టరు, ముందు పెడల్ వైపు చిన్న ప్లంజర్. టార్చి నోట్లో పెట్టుకోవడం కన్నా తలకు కట్టుకునే లైటు ఉంటే మెడ బతుకుతుంది. దగ్గర్లో పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, వాటిని తాకొద్దు.

ఈ కారులో స్విచ్‌కి నాలుగు పిన్నులు. ఒక జత బ్రేక్ లైట్లది: ప్లంజర్ బయటికి వచ్చినప్పుడు కలుస్తుంది. రెండో జత దానికి వ్యతిరేకం: ప్లంజర్ లోపల ఉన్నప్పుడు కలిసి ఉంటుంది, పెడల్ తొక్కితే విడిపోతుంది. బ్రేక్ వేసినప్పుడు క్రూజ్ తప్పకుండా ఆగాలి కాబట్టి కంప్యూటర్ ఈ రెండు జతలనూ పోల్చుకుంటుంది. రెండూ పొంతన లేకుండా మాట్లాడితే పీ 0504 అనే కోడ్ పెడుతుంది. పీ 0571 కూడా ఈ స్విచ్ సర్క్యూట్ కోడే. కోడ్ రీడర్ ఉంటే చూడొచ్చు కానీ, కోడ్ లేదని స్విచ్‌ని మంచిదనుకోవడం తప్పు. రెండు పిన్నులే ఉన్న స్విచ్‌లూ ఉంటాయి. పార్టు కొనేముందు లెక్కపెట్టుకోవాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. కనెక్టరు పీకి, మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, లైట్ల జత పిన్నులకు ఆనించి ప్లంజర్ వదిలితే బీప్ వస్తుంది. “స్విచ్ బాగుంది” అని మూసేసి, షిఫ్ట్ లాక్ సాలినాయిడ్ కోసం కన్సోల్ విప్పడం మొదలుపెడతారు. ఈ స్విచ్ కూడా బీప్ అంది. అదే మీటర్‌ని ఓమ్‌ల మీద పెడితే 2 దగ్గర తిరుగుతోంది, ప్లంజర్ కదిపినప్పుడల్లా అంకె మారుతోంది. మంచి స్విచ్‌లో 1 ఓమ్ లోపు ఉండాలి, అదీ నిలకడగా. చాలా మీటర్లలో కొన్ని పదుల ఓమ్‌ల దాకా బీప్ మోగుతుంది కాబట్టి ఈ పనికి బీప్ పనికిరాదు.

2 ఓమ్‌లు అంటే ఎంత నష్టమో కారులోనే కొలిచి చూశాం. కనెక్టరు తిరిగి పెట్టి, దాని వెనక నుంచి వైరు పక్కగా సన్నటి పిన్ను దూర్చి, మీటర్ నల్ల తీగ బాడీకి, ఎర్ర తీగ ఆ పిన్నుకి. పెడల్ తొక్కి పట్టుకుంటే స్విచ్‌కి వచ్చే వైపు 12.4 వోల్టులు, వెళ్లే వైపు 5.6. మిగిలిన 6.8 వోల్టులు స్విచ్ లోపలే పోతున్నాయి. మంచి కాంటాక్టుల మధ్య ఈ తేడా 0.2 దాటకూడదు. మూడు బల్బులు కలిపి సుమారు 60 వాట్లు, అంటే పూర్తి వోల్టేజి దగ్గర 5 ఆంపియర్లు లాగుతాయి. మధ్యలో 2 ఓమ్‌లు అడ్డం పడితే బల్బులకు సగం కూడా దక్కదు. మసక వెలుగు అదే. షిఫ్ట్ లాక్ యూనిట్‌కి కూడా ఆ సగమే అందుతోంది, అది దాన్ని “బ్రేక్ తొక్కారు” అని లెక్కలోకి తీసుకోవడం లేదు. పెడల్ అర నిమిషం పట్టుకున్నాక స్విచ్ ఒళ్లు చేతికి వేడిగా తగిలింది. పోయిన వోల్టులన్నీ వేడి కిందే మారుతున్నాయి మరి.

కనెక్టర్‌లో లైట్ల జత పిన్నులు రెండింటినీ ఫ్యూజు ఉన్న చిన్న తీగతో కలిపి చూస్తే మూడు లైట్లూ పూర్తిగా వెలిగాయి, తాళంచెవి ఆన్ చేయగానే లివర్ కింద టక్ మని వినిపించింది, లివర్ పీ నుంచి జారి వచ్చింది. స్విచ్ తప్ప మిగతా దారంతా బాగుందని రుజువైపోయింది. ఈ తీగ పరీక్షకే. దాన్ని అలాగే ఉంచి తిరిగితే బ్రేక్ లైట్లు ఎప్పుడూ వెలుగుతుంటాయి, షిఫ్ట్ లాక్ ఉండీ లేనట్టే, రాత్రి వదిలేస్తే పొద్దుటికి బ్యాటరీ కూర్చుంటుంది.

ఆ టక్ వినిపించకపోయుంటే, లేక వినిపించి కూడా లివర్ రాకపోయుంటే పని లివర్ అడుగుకి మారేది. అక్కడ వెతకాల్సినవి సాలినాయిడ్, లివర్ పీలో ఉందో లేదో చెప్పే చిన్న స్విచ్, వాటి కనెక్టరు. కప్పు హోల్డర్‌లో కాఫీ ఒలికిన కార్లలో ఈ కనెక్టరు పిన్నులు పచ్చబడి ఉండటం మామూలే.

ఆదివారం: పాత స్విచ్ లోపల ఏముంది

కారు పార్టు కోసం ఎదురు చూస్తోంది. ఈలోగా పాత స్విచ్ ఊడదీసి (తీసే వరస కింద ఉంది) విప్పితే కారణం కళ్లారా కనిపిస్తుంది. వెనక భాగం ఒంట్లోకి నొక్కి బిగించి ఉంటుంది. అంచు వెంట బ్లేడుతో గీసుకుంటూ పోయి తిప్పితే ఊడింది. లోపల ఒక స్ప్రింగు, ప్లంజర్‌తో పాటు కదిలే రాగి పలక, దానికి ఎదురుగా స్థిరంగా ఉన్న కాంటాక్టులు. క్రూజ్ వైపు జత కొత్తదానిలా మెరుస్తోంది. లైట్ల వైపు జత మీద మసి, దాన్ని తుడిస్తే కింద గుంటలు, ఒక అంచున కరిగి గడ్డకట్టిన లోహపు పూస. చుట్టూ ఉన్న గ్రీజు నల్లటి జిగురైపోయింది. ఆ వైపు ప్లాస్టిక్ గోడ కొద్దిగా వంగి, పలక ఏటవాలుగా కూర్చుంటోంది. కదిపినప్పుడల్లా ఓమ్‌లు మారడానికి ఇదే కారణం.

ఒకే స్విచ్‌లో రెండు జతల గతి ఇంత తేడాగా ఉండటానికి కారణం బల్బులు. చల్లగా ఉన్న ఫిలమెంటు వెలిగే క్షణంలో మామూలు కన్నా దాదాపు పది రెట్లు కరెంటు లాగుతుంది. ప్రతి బ్రేక్‌కీ ఆ దెబ్బ ఈ రెండు చిన్న చుక్కల మీదే పడుతుంది. రద్దీలో తిరిగే కారు రోజూ కొన్ని వందలసార్లు బ్రేక్ వేస్తుంది. మెల్లగా తొక్కే అలవాటు ఉన్నవాళ్ల కార్లలో స్విచ్ ఇంకా త్వరగా పోతుందని మా అభిప్రాయం: కాంటాక్టులు తటాలున కలవకుండా నెమ్మదిగా దగ్గరైతే నిప్పురవ్వ ఎక్కువసేపు ఆడుతుంది.

ఎమరీ కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తిరిగి బిగించొచ్చా అంటే, బిగించొచ్చు, లైట్లు వెలుగుతాయి కూడా. కానీ పైన వెండి పూత పోయింది, ప్లాస్టిక్ వంగింది. మళ్లీ ఎప్పుడు ఆగుతుందో చెప్పలేని బ్రేక్ లైటు, అసలు వెలగని దానికన్నా ప్రమాదం. టో ట్రక్కుకి ఒకసారి ఇచ్చే డబ్బుతో కొత్త స్విచ్‌లు రెండు మూడు వస్తాయి, కక్కుర్తి పడాల్సిన చోటు ఇది కాదు.

ఈ చిన్న పార్టు కంపెనీలనే ఇబ్బంది పెట్టింది. 2013 ఏప్రిల్‌లో హ్యుందాయ్, కియా అమెరికాలో పది లక్షలకు పైగా కార్లను ఈ స్విచ్ కోసమే వెనక్కి పిలిచాయి. చెప్పిన లక్షణాలు అచ్చం ఇవే: లైట్లు వెలగకపోవడం, లివర్ పీ నుంచి రాకపోవడం, బటన్ స్టార్ట్ పనిచేయకపోవడం, క్రూజ్ ఆగకపోవడం. 2014 మేలో జనరల్ మోటార్స్ షెవ్రొలే మాలిబూ, పోంటియాక్ జీ6, సాటర్న్ ఆరా కార్లను సుమారు 24 లక్షలు పిలిచింది. వాటిలో తప్పు బాడీ కంప్యూటర్ దగ్గరి కనెక్టరు పిన్నులది. కాబట్టి సెకండ్‌హ్యాండ్ కారు అయితే డబ్బు పెట్టేముందు దాని వీఐఎన్ (ఛాసిస్) నంబరు అమెరికా రవాణా భద్రతా సంస్థ సైటులో కొట్టి చూసుకోండి. రీకాల్ (కంపెనీ వెనక్కి పిలిచి చేసే రిపేరు) మిగిలి ఉంటే డీలరు సాధారణంగా ఉచితంగా చేసిస్తాడు.

పార్టు వచ్చాక: బిగింపు

కావాల్సినవి: 14 మి.మీ. పానా, చిన్న చదును స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు), తల లైటు, తెల్ల గ్రీజు గోరంత. కొత్త స్విచ్‌ని పాతదాని పక్కన పెట్టి పిన్నుల సంఖ్య, ప్లంజర్ పొడవు, మరల లావు సరిచూడాలి. బిగించకముందే ఓమ్‌లు కొలవాలి. కొత్తది కదా అని వదిలేయొద్దు, చవక రకాల్లో డబ్బాలోంచే తప్పుగా వచ్చేవి ఉంటాయి. ఇది 0.1 చూపించింది, ప్లంజర్ కదిపినా మారలేదు.

తాళంచెవి తీసేయాలి. స్విచ్‌కి ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి స్టాప్ ఫ్యూజు పీకేయాలి. కనెక్టరు నాలుక నొక్కి తీయాలి, వైర్లు పట్టుకుని లాగొద్దు. లాక్ నట్ వదులు చేసి స్విచ్ ఒంటిని చేత్తో తిప్పుతూ బయటికి తీయాలి. వైర్లు ఉన్న కనెక్టరు తగిలించి ఉండగానే స్విచ్ తిప్పేవాళ్లు ఉంటారు, వైర్లు మెలిపడి లోపల తెగుతాయి.

కొత్తది పెట్టేముందు పెడల్ చేతి మీద, ప్లంజర్ ఆనే చోట ఉన్న రబ్బరు దిండు చూడాలి. ఇక్కడ గట్టిపడింది కానీ పగల్లేదు, అలాగే ఉంచాం. పాత హోండాల్లో, హ్యుందాయ్‌ల్లో ఈ దిండు పొడిపొడిగా రాలిపోయి, నేల మ్యాట్ మీద ముక్కలు కనిపిస్తాయి. అప్పుడు ప్లంజర్ దిండు ఉండాల్సిన రంధ్రంలోంచి దూరిపోయి, పెడల్ పైన ఉన్నా కాంటాక్టులు కలిసే ఉంటాయి. ఫలితం మన కేసుకి తలకిందులు: లైట్లు ఆరవు, బ్యాటరీ దిగిపోతుంది, లివర్ బ్రేక్ తొక్కకుండానే వచ్చేస్తుంది. స్విచ్ మార్చినా తగ్గదు, దిండు వేస్తేనే తగ్గుతుంది.

ఇక సర్దుబాటు. ఈ పని మొత్తంలో ఓపిక పట్టాల్సింది ఇక్కడే. పెడల్‌ని దాని సహజమైన ఎత్తులో వదిలేసి, స్విచ్‌ని మరల మీద తిప్పుకుంటూ ఒంటి కొస దిండుకి మెత్తగా తగిలేదాకా తీసుకెళ్లాలి. అక్కడి నుంచి ఒక చుట్టు వెనక్కి. అప్పుడు స్విచ్ ఒంటికీ దిండుకీ మధ్య ప్లంజర్ కనిపించే సందు టయోటా లెక్క ప్రకారం 0.5 నుంచి 2.4 మి.మీ. మధ్య ఉండాలి. మోడల్ ఏడాదిని బట్టి ఈ అంకె కొంచెం మారుతుంది, మీ కారు సర్వీసు పుస్తకంలోదే పాటించండి. ఫీలర్ గేజ్‌తో ఇక్కడ 1.5 వచ్చేలా పెట్టాం. స్విచ్ ఒంటిని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించాలి. నట్‌తో పాటు స్విచ్ కూడా తిరిగిపోతుంది, అందుకే బిగించాక సందు మళ్లీ కొలవాలి. మరలు ప్లాస్టిక్‌వి కాబట్టి మణికట్టు బలం చాలు.

సందు ఎక్కువైతే ప్లంజర్ సరిగ్గా నొక్కుకోదు, లైట్లు ఆరకుండా వెలుగుతుంటాయి, క్రూజ్ సెట్ కాదు. ఇది వెంటనే కనిపిస్తుంది కాబట్టి భయం లేదు. సందు లేకుండా బిగించేస్తేనే ప్రమాదం. స్విచ్ పెడల్‌ని కిందికి నెట్టి పట్టుకుంటుంది. బ్రేక్ ద్రవాన్ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ద్రవం రిజర్వాయర్‌కి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. నడుస్తున్న కొద్దీ వేడికి ద్రవం వ్యాకోచించి, దారి లేక, బ్రేకులు వాటంతటవే పట్టడం మొదలవుతాయి. మొదటి రెండు కిలోమీటర్లు ఏమీ తెలియదు, తర్వాత కారు బరువెక్కినట్టు లాగుతుంది, చక్రాల దగ్గర కాలిన వాసన. దాన్ని ఎవరూ స్విచ్ తప్పని అనుమానించరు, చక్రాల దగ్గర బ్రేక్ పట్టే క్యాలిపర్లు మార్చేస్తారు.

అందుకే చివర్లో పెడల్ ఖాళీ చూడాలి. ఇంజను ఆపి, బ్రేక్‌కి బలం జోడించే వాక్యూమ్ పోయేదాకా పెడల్ పలుమార్లు తొక్కి, తర్వాత వేలితో మెల్లగా నొక్కితే గట్టిదనం తగిలేలోపు 1 నుంచి 6 మి.మీ. దాకా తేలిగ్గా కదలాలి. ఇక్కడ 3 వచ్చింది.

కనెక్టరు పెట్టేముందు దాని లోపలా చూడాలి. పాత స్విచ్ వేడికి లైట్ల వైపు ఆడ పిన్ను ఒకటి గోధుమ రంగుకి తిరిగింది, కానీ పట్టు వదల్లేదు. పట్టు వదులైతే ఆ పిన్ను మార్చాలి, లేకపోతే కొత్త స్విచ్ మంచిదైనా తగులు దగ్గర మళ్లీ వేడి పుడుతుంది. ప్లంజర్ కొసకు, దిండు మీద గ్రీజు పలచగా రాశాం, కాంటాక్టుల వైపు మాత్రం రాయలేదు.

అదే రోజు: పరీక్షలు

ఫ్యూజు తిరిగి పెట్టాక: పెడల్ ఒక సెంటీమీటరు దిగేలోపే మూడు లైట్లూ వెలిగాయి, వదలగానే ఆరాయి. స్విచ్‌కి వచ్చే వైపు 12.4, వెళ్లే వైపు 12.3. తాళంచెవి ఆన్, బ్రేక్ తొక్కగానే టక్, లివర్ పీ నుంచి ఆర్, ఎన్, డీ అన్నిటికీ వెళ్లి తిరిగి వచ్చింది. బ్రేక్ తొక్కకుండా ప్రయత్నిస్తే రాలేదు. ఈ రెండోది చాలామంది చూడరు, కానీ గొళ్లెం పనిచేస్తోందని చెప్పేది అదే. తాళంచెవి పీలో తప్ప బయటికి రాకపోవడం కూడా చూసుకున్నాం.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 దగ్గర క్రూజ్ పెట్టి బ్రేక్‌ని తాకీ తాకనట్టు తాకాం. వెంటనే వదిలింది. ఐదారు కిలోమీటర్లు తిప్పి, చివర్లో బ్రేక్ గట్టిగా వాడకుండా ఆపి, నాలుగు చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూశాం. ఏదీ మిగతావాటికన్నా వేడిగా లేదు. మూత తిరిగి పెట్టేశాం, స్క్రూడ్రైవర్ గుర్తు పడలేదు.

వేరే కార్ల వాళ్లకు నాలుగు మాటలు

బటన్ స్టార్ట్ ఉన్న కార్లలో ఈ స్విచ్ పోతే లివర్ దాకా కూడా రాదు, ఇంజనే స్టార్ట్ కాదు. టయోటాల్లో చాలావాటికి హ్యాండ్‌బ్రేక్ వేసి, పీలో ఉంచి, ఏసీసీలోకి తెచ్చి, బ్రేక్ గట్టిగా తొక్కి బటన్‌ని సుమారు 15 సెకన్లు పట్టుకుంటే స్టార్ట్ అవుతుంది. హ్యుందాయ్‌లో ఏసీసీలో 10 సెకన్లకు పైగా. అది ఇంటికి చేరడానికే.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే ఏఎంటీ కార్లలో (మాన్యువల్ గేర్‌బాక్సునే మోటార్లు నడిపే రకం) పీ అనే స్థానమే ఉండదు, ఇరుక్కోవడమూ ఉండదు. కానీ బ్రేక్ తొక్కినట్టు తెలిస్తేనే అవి స్టార్ట్ అవుతాయి, గేరు పడుతుంది. కాబట్టి స్టార్ట్ కాని ఏఎంటీకి బ్యాటరీ, స్టార్టర్ మోటారు మార్చేముందు వెనక్కి వెళ్లి బ్రేక్ లైట్లు చూడండి. కొత్త మోడళ్లలో మర స్విచ్ బదులు తిప్పి లాక్ చేసే స్విచ్ ఉంటుంది. అది తనంత తానే సర్దుకుంటుంది కానీ ఒక్కసారికే. పెట్టేటప్పుడు కంపెనీ చెప్పిన వరసలోనే, పెడల్ ఎక్కడ ఉండాలన్నారో అక్కడే ఉంచి తిప్పాలి. తప్పుగా కూర్చుంటే చాలా రకాల్లో మళ్లీ సర్దడం కుదరదు, కొత్తది కొనాల్సిందే.

ఈ కారుకి మిగిలిన పని ఒకటే: డిక్కీ కీలు దగ్గర మధ్య లైటు వైరు మీద తొడుగు చిట్లడం మొదలైంది. రాగి ఇంకా బయటపడలేదు. గుడ్డ టేపు చుట్టి, మడత పడే చోట కొంచెం వదులు ఉంచి క్లిప్పు మార్చాలి.